ఐమూల పుల్ల

“రేపు విచారణకి వచ్చేవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పు చెల్లీ. బావ కళ్ళు తిరిగి గుంజ మీద పడ్డాడు, ఆ ఊపుకి పరంజా కూలింది. అంతే,” అన్నాడు మేస్త్రీ.

భర్త పోయి వారమైనా కాలేదు. ఆమె తలూపింది. తోడబుట్టినవాడు, ఆ పరంజా కట్టించినవాడు, అన్నయ్యకి తెలియదా?

కూతురు పుల్లలూ మట్టి ఉండలూ తెచ్చి నేల మీద పెట్టింది. “మామయ్యా, బహుభుజుల పాఠం చూడు. త్రిభుజాన్ని ఎంత నొక్కినా కదలదు. ఇది చతుర్భుజం.” వేలితో తోసింది. అది పక్కకి వాలి చతికిలబడింది.

“భుజాలు నాలుగూ అలాగే ఉన్నాయి. అయినా పడిపోయింది. ఐమూలగా, ఈ మూల నుంచి ఎదురు మూలకి, ఒక్క పుల్ల పెడితే రెండు త్రిభుజాలవుతాయి, ఇక పడదు. నాన్న పరంజాకీ ఉంటుందిగా?”

“ఎందుకుండదే! ఇటుకల బండికి అడ్డమొస్తోందని ఆ పూటకి తీయించా గానీ...”

ఆమె తలెత్తి అన్న వైపు చూసింది.

“తీయించినట్టు పరంజా మీదున్న మా ఆయనకి చెప్పావా అన్నయ్యా?”

మేస్త్రీ తలొంచుకుని, పడిపోయిన పుల్లల్ని నిలబెట్టబోయాడు. అవి నిలబడలేదు.

ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

“రేపు వాళ్ళు ఎన్నింటికి వస్తారన్నావు?”