కిటికీ పక్క మంచం

చర్చిలో ఆరాధన అవగానే ముసలి పాస్టరు ఆశీర్వాదం ఆసుపత్రికి వచ్చాడు. ఆపరేషన్ అయినవాళ్ల కట్టు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చెయ్యడం ఆయనకు ప్రతి ఆదివారం ఉన్న పనే.

నర్సు గుమ్మంలోనే ఆపింది.

"తాతగారూ, ఇవాళ ఎవర్నీ ముట్టుకోకండి. ఆపరేషన్ కుట్లకి ఏ ఇంజెక్షనుకీ లొంగని చీము పడుతోంది. చేతుల మీదే ఒకరి నుంచి ఒకరికి పోతోందంట."

"నా చేతుల మీద కూడానా అమ్మా?"

"మా అందరి చేతుల మీదానండి."

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, దూరం నుంచే పెదవులు కదుపుతూ నడిచాడు. కిటికీ పక్క మంచం దగ్గర మాణిక్యాంబ అడ్డం వచ్చింది. ఆమె భర్తకు నిన్ననే కడుపు ఆపరేషన్ అయింది.

"అందర్లాగే మాకూ చెయ్యి పెట్టండి. మేం మీ చర్చికి రామనా ఏంటండి?"

"అది కాదమ్మా..."

"మరేంటండి? కిందటి వారం ఈ మంచం మీదాయనకి మీరు ప్రార్థన చేశారంట. వారం తిరక్కుండానే ఇంటికెళ్లిపోయాడంట కదా! నర్సమ్మని బతిమాలి మరీ ఈ మంచమే తీసుకున్నామండి."

నర్సు తల తిప్పుకుంది.

కిందటి వారం ఈ మంచం మీదున్నతన్ని మంగళవారం సమాధి చేశారు. అక్కడ ప్రార్థన చేసింది ఆశీర్వాదమే.

మంచం మీది మనిషి అప్పటికే దుప్పటి తొలగించి, కట్టు ఉన్న వైపు ఆయనకు అందేలా జరిగి పడుకున్నాడు.