తడిగుడ్డ

“గ్యాస్ లీకైంది! అందరూ ముక్కుకి తడిగుడ్డ కట్టుకోండి!” మైకులో అరిచాడు నందిగామ ఫైరాఫీసరు బాలస్వామి.

లీకు లేదు, పాడూ లేదు. ఇది రిహార్సల్. భోపాల్ చూశాక జగ్గయ్యపేట దగ్గరి పురుగుమందుల ఫ్యాక్టరీకి గుండె జారింది. చుట్టుపక్కల ఊళ్లకి ఆపదొస్తే వచ్చి కాపాడాలని ఫైర్ స్టేషన్‌తో ఒప్పందం రాసుకుంది.

ఫ్యాక్టరీ పక్క పల్లెలో ఆడవాళ్లు కొంగులు ముక్కుకి కట్టుకుని నిలబడ్డారు. బాలస్వామి వరసంతా చూశాడు. ఒక్క కొంగూ తడవలేదు.

“తడపమన్నాగా?”

“దేంతో తడపాలండి, ఉమ్మితోనా?” అంది కూలికెళ్లే జయమణి. “మా బావి ఎండి నెల దాటింది.”

ఫ్యాక్టరీ మేనేజరు విసుక్కున్నాడు. “మా గేటు దగ్గర కుళాయుందిగా, వచ్చి తడుపుకోండి!”

“గ్యాసొచ్చేదే అక్కణ్ణించి గదయ్యా! దానికెదురొచ్చి ముక్కులు తడుపుకోమంటావా?”

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. బాలస్వామి నవ్వలేదు. మైకు దించాడు.

“పదండి సార్, మీకోసం వండించిన కోడికూర చల్లారిపోతోంది,” అన్నాడు మేనేజరు.

“రిహార్సల్ కుదరలేదండీ.” బాలస్వామి డ్రైవర్ని ఫైరింజను పైపు విప్పమన్నాడు. “కుదిరిందాకా రోజూ పెట్టాల్సిందే. ఒప్పందం ప్రకారం ఖర్చు మీదేగా.”

“రోజూనా? ఎన్నాళ్లు?”

“అది నీ ఇష్టమయ్యా,” అంది జయమణి, పైపు కింద బిందె పెడుతూ. “మా పల్లెలో కుళాయేసిన రోజున మా ముక్కులు వాటంతటవే తడుస్తాయి.”