చుక్క లేని పురుగు

"ఇది మంచినీటి పురుగు. ఈ గెడ్డలోనే పుట్టింది. ఔనంటారా?" అని పురుగుల్ని గుర్తుపట్టి మాట్లాడే తెల్లపళ్ళెం శుభవార్త చెప్పింది.

చిన్మయి మోకాలిలోతు వాగునీళ్ళలో గంతేసింది. కొండగెడ్డలన్నీ చచ్చాక, పెంచిన పురుగులకు తలమీద నీలిచుక్క పెట్టి వదులుతున్నారు. అక్కడే పుట్టిన, చుక్క లేని పురుగు దొరికితేనే గెడ్డ బతికినట్టు. బతికిన గెడ్డ దగ్గరే కాపురానికి అనుమతి. పెళ్ళయిన వారానికే అలాంటి పురుగును వెతుకుతూ ఒంటరిగా ఇక్కడికొచ్చిన ఆమెకు మాట్లాడే తోడు ఆ పళ్ళెమే.

పురుగు ఒంటిచుట్టూ ఇసుకరేణువులతో ఇల్లు కట్టుకుంది. గోడలో కాకిబంగారం ముక్కొకటి తళుక్కుమంటోంది. ఆమె విశాఖలో ఉన్న భర్తకు ఫోన్ చేసింది.

"బావా, ఇది మనకంటే ముందే గృహప్రవేశం చేసేసింది!"

"ఏటీ, నిజవే? తట్టాబుట్టా సర్దీమంటావా?"

నవ్వుతూనే పురుగు తలకంటిన బురదను వేలితో తుడిచింది. ఆత్రంలో కడగకుండానే పళ్ళెంలో వేసింది మరి. బురద కింద నీలిచుక్క బయటపడింది.

ఆ మాట అతనికి చెప్పేసింది.

"తుడవకపోతే నీ సొమ్మేటి పోయిందే? పళ్ళేనికి తెలీదు కదా."

"నువ్వొచ్చి తాగేది ఈ నీళ్ళే కదా బావా."

ఔనంటారా అని అడిగిన పళ్ళేనికి "కాదు" అని చెప్పి, పురుగును దాని రాయి కిందే వదిలింది. అది ఇంటిని ఈడ్చుకుంటూ చీకట్లోకి పోయింది. 

"ఉన్నావా?" అన్నాడతను ఫోన్‌లో.

"ఉన్నాను. రేపు తెల్లారగానే జలపాతం పైకెక్కుతాను బావా. అక్కడి రాళ్ళు ఇంకా ఎవరూ తిరగెయ్యలేదు."