మరియు ఇతరులు

“మామ్మగారూ, ఇది సన్మానం ఫ్లెక్సీ. సర్కస్ బోర్డు కాదండి,” అంది అలేఖ్య, తెనాలి ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని.

లావుపాటి పాదాలతో, ఒళ్లంతా లతలతో ఉన్న ఆ పాతకాలపు అక్షరాలంటే ఆమెకు రోత. వాటినే కోరుతున్న రంగస్థల నటి అంజమ్మన్నా చులకనే.

“నాకవే కావాలమ్మా. మా నాటకాల పోస్టర్ల మీద మగాళ్ల పేర్లన్నీ ఆ అక్షరాల్లోనే వేసేవాళ్లు.”

“మరి మీ పేరో?”

“అడుగున ‘మరియు ఇతరులు’ అని ఉండేది. అది నేనే.”

అలేఖ్య తెరవైపు చూసింది. తను వేసిన డిజైనులో ముఖ్య అతిథి పేరు పైన జానెడుంది. సన్మానం అంజమ్మకైనా, ఆమె పేరు ఓ మూల ఇరుక్కుంది.

ఆయన పేరు కిందికి దించి, అంజమ్మ పేరును ఆ పాత అక్షరాల్లో ఫ్లెక్సీ అంతా పరిచింది.

“అతిథిగారికి కోపమొస్తుందేమోనమ్మా!”

“రానివ్వండి. ఆయనేం వేషం కట్టాడని?” అంది అలేఖ్య.