డాక్టరు వేషం

"మా అమ్మాయి డాక్టరే! లండన్‌లో పెద్ద డాక్టరు! జరగండి, జరగండి!" అంటూ సింగపూర్ బూన్ లేలో తిండికొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్ అదిరిపోయేలా అరిచింది ప్రభావతి.

ఉదయశ్రీ చేతిలో కాఫీ ఒలికింది. పక్క టేబుల్ దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు ఇడ్లీ తింటూ తింటూ కుర్చీలోంచి నేలమీదికి ఒరిగిపోయాడు. "నాన్నా!" అని ఒక్క కేక పెట్టి, ఆయన కొడుకు కొయ్యబారి నిలబడిపోయాడు. ఆ తెలుగు కేక చెవిన పడ్డాకే ప్రభావతికి పూనకం వచ్చింది.

"పెద్దమ్మా, నేను డాక్టర్ని కాదు. నీకు తెలుసు కదా!" గొంతు తగ్గించి కసిరింది ఉదయశ్రీ.

"పదకొండేళ్ళ బట్టీ టీవీలో చేస్తున్నావుగా. ఎంతో కొంత రాకుండా ఉంటుందా? వెళ్ళవే తల్లీ!"

అదీ సంగతి. బ్రిటిష్ టీవీలో ఒకే ఆసుపత్రి సీరియల్‌లో పదకొండేళ్ళుగా ఉదయశ్రీ డాక్టరమ్మ. మధ్యలో రెండు సినిమాలు చేస్తే వాటిలోనూ తెల్లకోటే తొడిగారు. ఇంట్లోవాళ్ళకు నటన అంటే నామోషీ. అందుకే పెద్దమ్మ 'డాక్టరు వేషం'లో వేషాన్ని మింగేసి, డాక్టర్ని మాత్రం సింగపూర్‌లో తనకు తెలిసిన ప్రతి తెలుగింటికీ పంచిపెట్టింది. నిజానికి ఉదయశ్రీకీ ఈమధ్య అదే దిగులు. ఇన్నేళ్ళు ఇంతమందిని బతికించినట్టు నటించాను, నిజంగా ఎవరికి పనికొచ్చాను అని. వచ్చే ఏడాదికి సీరియల్ ఒప్పుకోవాలా, మానేయాలా తేల్చుకుందామనే పది రోజులు ఇక్కడికొచ్చింది.

జనం దారి ఇచ్చేశారు. అందరి కళ్ళూ ఆమె మీదే. ఇక వెనక్కి పోయే వీల్లేదు. పెద్దాయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. ఊపిరి తగల్లేదు.

"ఎవరైనా అంబులెన్స్‌కి, 995కి ఫోన్ చెయ్యండి! లిఫ్ట్ దగ్గర గోడకి గుండె షాక్ మెషీన్ ఉంది, ఇందాక వస్తూ చూశాను, తెండి!" అని ఇంగ్లీషులో అరిచింది. జ్యూస్ అమ్మే చైనీస్ ఆంటీ చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగెత్తింది.

ఉదయశ్రీ ఛాతీ మీద రెండు చేతులూ ఆనించి నొక్కసాగింది. నాలుగోసారికి చూసుకుంది. తన మోచేతులు వంగుతున్నాయి. అది షూటింగ్ అలవాటు. అక్కడ పడుకునేది బతికున్న నటుడు. నిజంగా నొక్కితే పక్కటెముకలు విరుగుతాయి కనుక, మోచేతులు వంచి నొక్కినట్టు కనిపిస్తే చాలు. మొదటిరోజు సెట్‌లో పని నేర్పిన నర్సు మాత్రం ఒక మాట చెప్పింది. 'నిజంగా అవసరమైతే మోచేతులు వంచకు. ఎముక విరిగినా ఆపకు.' పదకొండేళ్ళుగా తన చేతులు నేర్చుకున్నది అబద్ధమే.

మోచేతులు బిగించింది. కాసేపటికే బలం చాల్లేదు. తలెత్తి కొడుకు వైపు చూసింది. నలభై అయిదేళ్ళ మనిషి, చేతులు వేలాడేసి అలాగే నిలబడున్నాడు.

"మీరు రండి!" అంది. సీరియల్‌లోని డాక్టరమ్మ గొంతు దానంతటదే బయటికొచ్చింది.

"నా వల్ల... నాకేం..."

"ఏడవడం తర్వాత. ముందు కూర్చోండి! చేతులు ఇక్కడ పెట్టండి. మోచేతులు వంచొద్దు. పైకి లెక్కపెట్టండి!"

"ఒకటి... రెండు..." మొదట లెక్క ఒక దారి, చేతులు ఒక దారి. పది దాటేసరికి దారిలో పడ్డాడు. ఇరవై దాటేసరికి ఆమెకంటే బాగా నొక్కుతున్నాడు. కన్నతండ్రి కదా, ఆ మాత్రం ఉంటుందిలే అనుకుంది ఉదయశ్రీ.

జ్యూస్ ఆంటీ రొప్పుతూ మెషీన్ తెచ్చింది. అది చెప్పినట్టల్లా ఉదయశ్రీ దాని వైర్ల చివరి పట్టీలు పెద్దాయన ఛాతీకి అంటించి, అందర్నీ దూరం జరిపి బటన్ నొక్కింది. పెద్దాయన ఒళ్ళు ఎగిరిపడింది.

"ఆపొద్దు, మళ్ళీ నొక్కండి!"

అతను నొక్కాడు. రెండు నిమిషాలకు పెద్దాయన మూలిగాడు. ప్రభావతి "హమ్మయ్య" అంటూ అక్కడే కూలబడింది.

అంబులెన్స్ వచ్చింది. పెద్దాయన్ని ఎక్కించి, అంబులెన్స్‌లో వచ్చిన కుర్ర మెడికల్ ఆఫీసరు ఇటు తిరిగి సింగపూర్ యాసలో అన్నాడు. "వెల్ డన్, డాక్టర్! అంకుల్ వెరీ లక్కీ లా!"

ప్రభావతి మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఉదయశ్రీ ఇక భరించలేకపోయింది.

"నేను డాక్టర్ని కాదండీ. నటిని. టీవీలో డాక్టరు వేషం వేస్తాను, అంతే. నన్ను క్షమించండి," అంది అందరికీ వినబడేలా. పెద్దమ్మ తల దించుకుంది.

ఆ కుర్రాడు వింతగా చూశాడు. "మేడమ్, నేనన్నది మిమ్మల్ని కాదు, డాక్టర్ చక్రధర్‌ని. గుండె జబ్బుతో పడిపోయిన వాళ్ళని మేం తీసుకెళ్ళేదే ఈయన దగ్గరికి!"

ఉదయశ్రీ అతను చూపిన వైపు గిరుక్కున తిరిగింది. అంబులెన్స్ ఎక్కబోతున్న కొడుకు ఆగి, ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

"ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పనేనండీ. నాన్న పడిపోగానే ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఎవరైనా డాక్టరు వచ్చి ఏం చెయ్యాలో చెబితే బాగుండునని చూస్తూ నిలబడిపోయాను... మీరొచ్చారు."