నాలుగు గంటల ఎండ

"ఆ గొయ్యి అక్కడ కాదమ్మా!"

గునపం పట్టుకుని చెమటలు కక్కుతున్న టీచరమ్మ తలెత్తి చూసింది.

గేటు అవతల ఎవరో పెద్దాయన. చంకలో గొడుగు, కాళ్లకి అరిగిపోయిన చెప్పులు.

"ఇంటి గోడకి మరీ దగ్గరగా తవ్వుతున్నారు. పదిహేనడుగులు గేటువైపు రండి."

"మాకు నీడ గోడ మీద కావాలండీ, గేటు మీద కాదు."

"పైగా ఆ మొక్క బోలుది. ఎంత తొందరగా పెరుగుతుందో అంత తొందరగా విరుగుతుంది. కానుగ వెయ్యండి. ఆలస్యమైనా గట్టిగా నిలబడుతుంది."

ఆలస్యం అనే మాట వినగానే టీచరమ్మకి ఒళ్లు మండింది.

ఈ ఇల్లు కొనుక్కుని చేరి రెండు నెలలు. పడగ్గది కిటికీ సరిగ్గా పడమటికి. ఆమె భర్తకి అచ్చాఫీసులో రాత్రి డ్యూటీ, కాగితాలు కోసే యంత్రం దగ్గర. నిద్రపోతే పగలే పోవాలి. మధ్యాహ్నం దాటిందంటే ఆ గది పొయ్యి మీద పెనమే.

పోయిన వారం యంత్రం ముందు కునుకుపట్టి, కత్తి కిందికి చెయ్యి పోనిచ్చాడు. పక్కనున్నాయన వెనక్కి లాగబట్టి గోటితో పోయింది. అప్పటినుంచీ ఆయన డ్యూటీకి వెళ్తే ఆవిడకి ఆయన చేతివేళ్ల గురించే భయం.

అందుకే నర్సరీకి పరిగెత్తి, రెండేళ్లలో డాబా దాటే మొక్క ఏదుంటే అదే ఇమ్మంది.

"ఆలస్యమా? మా ఆయన నిద్రకి అంత ఓపిక లేదండీ!" అని తన మొక్కే నాటి గొయ్యి పూడ్చేసింది.

మర్నాడు మళ్లీ ప్రత్యక్షం.

"రెండు గంటల ఎండ నెత్తి మీదుంటుందమ్మా. దానికి సన్‌షేడ్ చాలు. మిమ్మల్ని కాల్చేది నాలుగు గంటల ఎండ. అది అడ్డంగా వస్తుంది. వేసవిలో అయితే పొద్దు కిటికీకి ఎదురుగా కూడా దిగదు, ఉత్తరానికి జరుగుతుంది. చెట్టు ఆ గేటు మూల ఉండాలి. మంచం కిటికీ కిందే కదా వేసుకున్నారు? ఆ గదిలో ఇంకెక్కడా పట్టదు."

"మా మంచం సంగతి మీకెందుకండీ?"

పెద్దాయన నాలుక కరుచుకున్నాడు.

లోపల్నుంచి భర్త కేక వినిపించింది. "ఎండ లేపకపోతే నువ్వు లేపుతున్నావు కదే! ఎవరితో ఆ గొడవ?"

"ఎవరో తెలిస్తే కదా! పనీపాటా లేని మనిషి. మీరు పడుకోండి."

మూడోరోజు ఆమె బడినుంచి వచ్చేసరికి పెద్దాయన గేటు లోపలే ఉన్నాడు. చేతిలో కొలతల టేపు. పక్కన కవరులో జానెడు కానుగ మొక్క. నేలలో ఓ మేకు దిగ్గొట్టి ఉంది.

"సరిగ్గా ఇక్కడమ్మా. అడుగు అటూ ఇటూ కాకూడదు. గొయ్యి నేను తవ్విపెడతాను, మీరు నీళ్లు పోస్తే చాలు."

ఇంక ఆవిడకి సహనం చచ్చిపోయింది. మేకు పీకి వీధిలోకి విసిరింది.

"ఎవరడిగారండీ మిమ్మల్ని? ఇంకోసారి గేటు ముట్టుకుంటే మర్యాదగా ఉండదు. అంత సరదా ఉంటే మీ ఇంట్లో వేసుకోండి!"

"మాది మూడో అంతస్తులో రెండు గదులమ్మా," అన్నాడాయన. వంగి మేకు తీసుకుని, తుడిచి, జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. గేటు దగ్గర వదిలేసిన కానుగ మొక్క వారానికి ఎండిపోయింది. ఓ చెంబుడు నీళ్లు పోస్తే ఏం పోయేది? పోయలేదు. పంతం!

నర్సరీ మొక్క మాత్రం ఏపుగా పెరిగింది. మధ్యాహ్నం మూడింటిదాకా నీడ బాగానే ఇచ్చేది. నాలుగయ్యేసరికి ఎండ దాని పక్కనుంచి దూరి, తిన్నగా భర్త మొహం మీద పడేది.

మూడో ఏడు వచ్చిన గాలివానకి అది నడిమికి విరిగి కిటికీలోంచి మంచం మీద పడింది. అప్పుడే ఆయన మంచినీళ్లకి లేచాడు కాబట్టి సరిపోయింది.

మూడేళ్ల చాకిరీ మట్టిపాలు. భర్త నిద్ర వంటింటి గచ్చు మీదికి మారింది. ఆయన చేతివేళ్ల గురించి ఆవిడ భయం మళ్లీ మొదటికొచ్చింది.

మళ్లీ ఎండలు కాసిన ఓ సాయంత్రం, కిటికీకి మందపాటి తెర కుట్టిద్దామని ఆమె వీధి చివర బట్టలు కుట్టే పిన్నిగారింటికి వెళ్లింది. అదే నమూనా ఇల్లు, అదే పడమటి కిటికీ. నాలుగు దాటినా గది చల్లగా ఉంది. గేటు మూల గుబురుగా కానుగ చెట్టు.

"ఈ చెట్టు ఇక్కడ వెయ్యమని ఎవరు చెప్పారు పిన్నిగారూ?"

"గొడుగాయనే! చెప్పడమేమిటి, ఆయనే తవ్విపెట్టాడు. మన వీధిలో చెట్లన్నీ ఆయన చలవే కదా."

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది.

"ఎక్కడుంటారు పిన్నిగారూ? ఇప్పుడే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను. మళ్లీ చోటు చూపించమంటాను."

పిన్నిగారు మిషను ఆపింది.

"ఇంకెక్కడి ఆయనమ్మా! పోయి ఆర్నెల్లవుతోంది."

టీచరమ్మ కిటికీలోంచి ఆ కానుగ చెట్టుకేసి చూసింది.

"తోటమాలిగా చేసేవారా?"

"కాదమ్మా, మన పద్నాలుగు ఇళ్లకీ ప్లాను గీసిన ఇంజనీరు; పడగ్గదులు పడమటికి పెట్టి తప్పుచేశానని రిటైరయ్యాక ఒక్కో గేటూ తట్టి చెట్లు వేయించుకుంటూ వచ్చాడట, పదమూడు అయ్యాయి, ఒక్క ఇల్లు మిగిలిపోయిందని ఆఖరిదాకా బాధపడ్డాడని వాళ్లావిడ చెప్పింది."