రౌడీల బొమ్మల పుస్తకం మీద నాగలక్ష్మమ్మ తీర్పు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చింది తల నెరిశాక. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా తప్పే ఉంటాయి. రాయడం కూడా నిదానమే. మన్నించి చదవండి.

"రేపు మల్లక్క ఇంట్లో బువ్వ తింటావా, తినవా? ఏదో ఒగటి చెప్పుమా," అన్నాడు ఓబులేసు.

తల్లి నాగలక్ష్మమ్మ తల ఎత్తలేదు. ఒళ్ళో జపాన్ వాళ్ళ బొమ్మల పుస్తకం ఉంది. కర్నూలు హాస్టల్లో చదివే మనవరాలు శిల్ప తెచ్చింది. తెలుగులోకి మార్చిందే. శక్తులున్న రౌడీల కథ. అక్షరాలు వచ్చినప్పటి నుంచి నాగలక్ష్మమ్మ మందు డబ్బానూ, బజ్జీల పొట్లాన్నీ చదవకుండా వదలదు.

"ఉండప్పా. ఈడ పొగోడు లేచి కూచుంటాండాడు," అంది, వేలు బొమ్మ మీదే ఉంచి.

ఓబులేసు నెత్తి కొట్టుకున్నాడు.

పత్తికొండ టమోటా మండీలో ఎవరి బండి ముందు నిలబెట్టాలన్న మాట దగ్గర మొదలైంది పగ. అందులో నాగలక్ష్మమ్మ భర్త పోయాడు. తర్వాత మల్లక్క భర్త పోయాడు. ఆ ఇంటి నీళ్ళు ఈ ఇంటివాళ్ళు తాగరు. వీళ్ళెక్కిన బస్సు వాళ్ళెక్కరు. ఇన్నాళ్ళకు ఇద్దరి కొడుకులకూ విసుగొచ్చి రాజీ అనుకున్నారు. ఆ ఊళ్ళో రాజీ అంటే కాగితం కాదు. ముందు పోయినవాడి భార్య అవతలి ఇంట్లో విస్తరి ముందు కూర్చుని తినాలి. ఆమె తినకపోతే రాజీ లేదు. రాజీ లేకపోతే, వెంట మనుషుల్లేకుండా ఓబులేసు మండీకి పోయే రోజు ఈ జన్మకు రాదు.

నాగలక్ష్మమ్మ వారం రోజులుగా ఊ అనలేదు, ఊహూ అనలేదు.

శిల్ప టీ గ్లాసులు తెచ్చి పక్కన కూర్చుంది. "జేజీ, అయిపాయనా? ఎట్లుండాది పుస్తకం?"

"మంచి చెప్పాల్నా, చెడ్డ చెప్పాల్నా?"

"రెండూ చెప్పు."

"కొట్లాటలు శానా బాగుండాయి పాపా. కదలని బొమ్మే గానీ, చూస్తాంటే నా చెయ్యి నొప్పి పుట్టె. ఇనుపచెయ్యోడు గోడను గుద్దితే పేజీ అంతా దుమ్మే." జపాన్ పేర్లు నోరు తిరగక, ఎవరి శక్తిని బట్టి వాళ్ళకు ఆమె పేరు పెట్టుకుంది.

"చెడ్డ?"

"మొదులు సరీగ లేదు. తెరిస్తే వాన, పీనుగులు, నడుమ ఇనుపచెయ్యోడు ఒగడే ఏడుస్తాండాడు. ఎవరు వీళ్ళు, ఎందుకు చచ్చిరి? ఏమీ చెప్పరు. ఇంగోటి, జవాబు ముందు చెప్పి ప్రశ్న తర్వాత అడుగుతారు. ఆ దేశంలో అట్లే మాట్లాడతారేమో."

శిల్పకు టీ పొలమారింది. "జేజీ, నువ్వు..."

"ఉండు, నన్ను ముగించనీ. ఇంతమంది పడతారే, ఒక్కని పెండ్లామన్నా పేజీలోకి వచ్చిందా? పీనుగు మీద పడి ఏడ్చేదానికి ఒక్క ఆడమనిషి లేదు. గీసినోడు చావింటికి పోయినట్టు లేడు."

ఓబులేసు నవ్వబోయి ఆగిపోయాడు.

"అయినా మంచి పుస్తకమే," అంది నాగలక్ష్మమ్మ, గొంతు తగ్గించి. "పోతాపోతా పడినోళ్ళంతా లేస్తారు. కడుపులో దిగిన కత్తి బయటికొస్తాది, గాయం మూసుకుంటాది. కాలిన అంగళ్ళు మళ్ళా నిలబడతాయి. అది ఎవని శక్తో చెప్పలేదు, అదొక లోపం. పోనీలే. తర్వాత ఒగొగని శక్తీ పోతాది. ఇనుపచెయ్యి మామూలు చెయ్యి అయితాది. కడాన ఇనుపచెయ్యోడూ పొగోడూ సముద్రం గట్టు మీద పిల్లోళ్ళ మాదిరి కూచోని, ఒగే బన్ను తుంచుకోని తింటారు."

పుస్తకం మూసింది. కాసేపు దాని అట్ట నిమిరింది.

"అంత నరుక్కున్నోళ్ళే తినంగా లేంది, మాకేమొచ్చె? రేపు పోదాం ఓబులేసూ. ఆకూవక్కా మరిచిపోవద్దు."

శిల్ప నోరు తెరిచింది. తండ్రి ముఖం చూసింది. అతను గోడ వైపు తిరిగి తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. తెరిచిన నోరు మూసేసింది. తన తీర్పు మనవరాలికి బాగా నచ్చిందనుకుంది నాగలక్ష్మమ్మ.

మరుసటి మధ్యాహ్నం మల్లక్క తనే వడ్డించింది. ఓళిగ మీద పడాల్సిన నెయ్యి సగం విస్తరి మీద పడింది. గుమ్మం దగ్గర మగవాళ్ళంతా విస్తరి వైపే చూస్తూ నిలబడ్డారు.

నాగలక్ష్మమ్మ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

"పప్పులో ఉప్పు తక్కువుండాది మల్లక్కా."

"నీ నోరు మాత్రం ఏం తగ్గలేదులే వదినా," అంది మల్లక్క, ఉప్పు గిన్నె ఆమె ముందుకు జరిపి.

ఎవరో గట్టిగా నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. రెండో ఓళిగ దగ్గర బొమ్మల రౌడీల కథ మొదలైంది. మూడోదానికి ముగిసింది.

"పడినోళ్ళు సత్తెంగా లేస్తారా?" మల్లక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఆ పుస్తకం నాకూ ఇయ్యి పాపా. నేనూ చూస్తా."

శిల్ప జీపు దగ్గరికి పోయి పుస్తకం తెచ్చింది. జేజి మొదలుపెట్టిన వైపు నుంచే తెరిచి మల్లక్క చేతిలో పెట్టింది.

ఆ పుస్తకం జపాన్ వాళ్ళ పద్ధతిలో కుడి నుంచి ఎడమకు చదవాల్సిందనీ, బన్ను పంచుకునే పేజీతోనే కథ మొదలై, వానలో పీనుగుల పేజీతో ముగుస్తుందనీ శిల్ప ఆ ఇద్దరికీ చెప్పలేదు.

సుంకులమ్మ, అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పుడు ఉండేది ఎర్రగుంట్లలో.